కౌలు యంత్రము, కొన్న యంత్రము: పద్దులలోని భేదము

భూమి కౌలు అనగా నేమో మన జిల్లాలలో ఎవ్వరికిని బోధింప నక్కఱలేదు. పరుల పొలమును కొంతకాలము సాగుచేసికొని, ఒప్పుకొన్న శిస్తు నిచ్చి, గడువు తీరగానే పొలము విడిచిపెట్టుట కౌలు. అప్పు తెచ్చి పొలమును కొనుట వేఱు. అచ్చట శిస్తు లేదు కాని, అసలును వడ్డీయు తీర్పవలెను. తీర్చిన పిదప పొలము మనదే. ఈ రెండింటికిని గల భేదము చదువురాని రైతునకు గూడ తెలియును.

ఐతే పొలములోనికి యంత్రము వచ్చినప్పుడు ఈ తెలివి కొంత మఱుగుపడుచున్నది. సంఘములలో లెక్కలు చూచునప్పుడు సభ్యులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యిది: “మేము యంత్రమును కొనలేదు, బాడుగకు తెచ్చితిమి. మాకు అప్పెక్కడిది?” ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమే యీ వ్యాసము. చివర వ్రాయదగిన మాటను ముందే చెప్పెదము. మానుటకు వీలులేని బాడుగ పేరునకు బాడుగయే గాని పనికి అప్పే. దానిని పద్దులలో అప్పుగా చూపని సంఘము తన్ను తానే మోసగించుకొనును.

మూడు మార్గములు

వంశధార, నాగావళి ఆయకట్టులలో దమ్ముచేయు దినములు కొన్నియే. కాలువకు నీరు వచ్చిన పిమ్మట ఊరందఱికిని ఒకేసారి యంత్రము కావలెను. కార్తీక మార్గశిరములలో కోతకును నూర్పునకును మరల అదే తొందర. ఎడ్లజతలు తగ్గిన యీ కాలమున యంత్రమును సంపాదించుటకు మూడు మార్గములు కలవు.

మొదటిది, గంటకింత, ఎకరమునకింత అని బాడుగకు పిలిపించుట. పని యున్న దినమున పిలుతుము, లేని దినమున పిలువము. రెండవది, మూడేండ్లకో ఐదేండ్లకో కౌలుపత్రము వ్రాసికొని యంత్రమును మనయొద్దనే ఉంచుకొనుట. పని యున్నను లేకున్నను ఏటేట నిర్ణయించిన మొత్తము చెల్లింపవలెను. మూడవది, బ్యాంకు నొద్ద అప్పు తీసి కొనుట. వాయిదాల కొనుగోలును, అనగా కడపటి వాయిదాతో యంత్రము మనదగు ఒప్పందమును, ఈ మూడవదానితోనే చేర్చి లెక్కింపవలెను.

మొదటి మార్గమున చిక్కు లేదు. ఇచ్చిన బాడుగను ఆ యేటి ఖర్చుగా వ్రాసిన చాలును. చిక్కంతయు రెండవ మూడవ మార్గముల నడుమనే యున్నది.

అప్పుచేసి కొన్నయెడల

లెక్క సులభముగా నుండుటకు ఒక యంత్రము ధర 5,00,000 రూపాయలనుకొందము. మొత్తమంతయు నూటికి 10 చొప్పున వడ్డీతో అప్పు తీసి, ఐదేండ్లలో ఏటేట సమానమైన వాయిదాలతో తీర్పవలెనన్న, ఒక్కొక్క వాయిదా సుమారు 1,31,900 రూపాయలగును.

ఇందు మొదటి యేట వడ్డీ 50,000. అసలు తీరినది 81,900. వడ్డీ మాత్రమే ఖర్చు. అసలు తీర్చుట ఖర్చు కాదు, అప్పు తగ్గుట. పలువురు వాయిదా మొత్తమును ఖర్చుగా వ్రాయుచున్నారు, అది పొరపాటు. దానికి మాఱుగా వ్రాయవలసినది యంత్రపు తరుగుదల. యంత్రము ఎనిమిదేండ్లు పనిచేసి, పిమ్మట 1,00,000 రూపాయలకు అమ్ముడగునని అంచనా వేసినచో, 4,00,000ను ఎనిమిదింట భాగింపగా ఏటికి 50,000 తరుగుదల. కావున మొదటి యేటి ఖర్చు వడ్డీ 50,000, తరుగుదల 50,000, వెరసి 1,00,000 రూపాయలు. ఆస్తి అప్పుల పట్టికలో ఒకవైపున యంత్రము 4,50,000. రెండవవైపున అప్పు 4,18,100 కనబడును. చూచిన సభ్యునకు దాపరికమేమియు లేదు.

కౌలునకు తెచ్చినయెడల: పాత పద్ధతి

అదే యంత్రమును ఐదేండ్ల కౌలునకు, ఏటి చివర 1,20,000 రూపాయల బాడుగకు తెచ్చితి మనుకొందము. గడువు తీరగానే యంత్రమును తిరిగి అప్పగింపవలెను. నడుమ మానుటకు వీలులేదు. పాత పద్ధతిలో ఏటేట 1,20,000 ఖర్చు వ్రాయుదురు, అంతటితో సరి. పట్టికలో యంత్రమును లేదు, అప్పును లేదు. ఇంకను 6,00,000 రూపాయలు చెల్లింపవలసియున్న సంఘము రుణవిముక్తమైనట్లు కనబడును.

ఇది మన పల్లెలలో పుట్టిన చమత్కారము కాదు. మనదేశమున 1973లో మద్రాసునందు యంత్రములను కౌలున కిచ్చు మొదటి కంపెనీ ఏర్పడెను. అమెరికాలో 1976లో ఒక నిబంధన వచ్చెను. చెల్లింపవలసిన బాడుగల నేటి విలువ యంత్రపు ధరలో నూటికి 90 వంతులైనచో ఆ కౌలును అప్పుగా చూపవలెనని అందులో నొక షరతు. అంతట 89 వంతులు వచ్చునట్లు పత్రములు వ్రాయుట అలవాటయ్యెను. విమాన కంపెనీలు వందల విమానములు నడుపుచుండగా, వాని పట్టికలలో విమానములును కానరావు, అప్పులును కానరావు. లెక్కల నిబంధనలను కూర్చు అంతర్జాతీయ మండలి 2016 జనవరిలో వేసిన అంచనా ప్రకారము, పెద్ద కంపెనీల కౌలు బాధ్యతలు సుమారు 3.3 లక్షల కోట్ల డాలర్లు. అందు నూటికి 85 వంతులకు పైగా పట్టికల వెలుపలనే యుండెను.

క్రొత్త పద్ధతి

ఆ మండలి నిబంధన 2019 జనవరి 1 నుండియు, దాని ననుసరించి మనదేశమున పెద్ద కంపెనీలకు విధింపబడిన నిబంధన 2019 ఏప్రిల్ 1 నుండియు అమలునకు వచ్చెను. దాని సారము సులభము. ఒక వస్తువును నిర్ణీతకాలము మన స్వాధీనమున వాడుకొను హక్కు ఆస్తి; దానికై చెల్లింపక తప్పని బాడుగలు అప్పు. రెండింటిని పట్టిక కెక్కింపవలెను.

అప్పు ఎంతయని వ్రాయుట? రాబోవు బాడుగల నన్నిటిని కూడి 6,00,000 అని వ్రాయరాదు. ఏలయన అందు వడ్డీ గూడ ఇమిడియున్నది. వచ్చే యేటి 1,20,000 రూపాయలు నేడు 1,09,091 రూపాయలతో సమానము. ఈ మొత్తమును నూటికి 10 వడ్డీకి వేసినచో ఏడాదికి 1,20,000 అగును గదా. ఇట్లే ఐదేండ్ల బాడుగలకును నేటి విలువ కట్టి కూడగా సుమారు 4,54,900 వచ్చును. ఇదియే అప్పు, హక్కు విలువయు నింతే.

ఈ హక్కును ఐదేండ్లకు పంచగా తరుగుదల ఏటికి 90,980. మొదటి యేటి వడ్డీ 45,490. వెరసి మొదటి యేటి ఖర్చు 1,36,470. అప్పు తగ్గినకొలది వడ్డీ తగ్గి, ఐదవ యేట ఖర్చు 1,01,890 మాత్రమే యగును. ఐదేండ్లు కలిపినచో ఏ పద్ధతినైనను 6,00,000లే. కావున మొదటి యేట లాభము తగ్గినదని సభ్యులు కలవరపడ నక్కఱలేదు. మాఱినది చెల్లింపు కాదు, మనము చూచు చూపు.

రెండు మినహాయింపులు కలవు. పండ్రెండు నెలలకు మించని కౌలును, తక్కువ వెలగల వస్తువుల కౌలును అప్పుగా చూపకపోవచ్చును. గంటల లెక్కపై, ఎకరముల లెక్కపై చెల్లించు బాడుగ గూడ అప్పులో చేరదు. ఏలయన పని లేనియెడల అది లేదు. ఈ భేదము రైతునకు ముఖ్యము. వాన తప్పిన యేట గంటల బాడుగ తానే తగ్గును. కౌలు బాడుగ తగ్గదు.

గ్రామ సంఘములను 2019 నిబంధన కట్టడి చేయదు. 2001 ఏప్రిల్ 1 నుండి నడచుచున్న భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ నిబంధన వేఱొకటి కలదు. దాని ప్రకారము యజమాని లాభనష్టములన్నియు దాదాపుగా కౌలుదారునకే సంక్రమించినచో కౌలును కొనుగోలువలె చూపవలెను. కానిచో బాడుగను ఖర్చు వ్రాసిన చాలును. చట్టము కోరకున్నను, పట్టిక క్రింద నొక పంక్తిలో “ఇంకను చెల్లింపవలసిన కౌలు బాడుగలు ఇంత” అని వ్రాయుడని మా మనవి. ఒక బృందమునకు సొంత మూలధనము 1,50,000, బ్యాంకు బాకీ 1,00,000 కలవనుకొందము. పైన చెప్పిన కౌలు కూడ నున్నచో దాని నిజమైన బాకీ 5,54,900. ఆ పంక్తి లేనియెడల బ్యాంకు మరియొక అప్పు నిచ్చును, సభ్యులు చేవ్రాలు చేయుదురు, పంట తప్పిన యేట పూచీపడినవారి యిండ్లకు నోటీసులు వచ్చును.

ఏది మేలు?

మా యుదాహరణమున అప్పుకొనుగోలులో ఐదేండ్ల చెల్లింపు 6,59,500, కౌలులో 6,00,000. చేతిరొక్కము మాత్రము చూచువాడు కౌలే చౌకయనును. కాని ఐదేండ్ల చివర కొన్నవానికి 2,50,000 విలువగల యంత్రము మిగులును. కౌలుదారునకు ఏమియు మిగులదు. కొన్నవాని నిజమైన ఖర్చు వడ్డీ 1,59,500, తరుగుదల 2,50,000, వెరసి 4,09,500. అనగా ఏటికి 81,900. ఏటికి 300 గంటలు పని దొరకినచో గంటకు 273 రూపాయలు. కౌలులో గంటకు 400. పని 150 గంటలకు తగ్గినచో గంటకు 546, 800 అగును. ఊరిలో ఇంతకన్న తక్కువకు యంత్రము బాడుగకు దొరకునేని, కొనుటయు కౌలును రెండును మాని పిలిపించుకొనుటయే మేలు. చమురును, నడపువాని కూలియు ఈ లెక్కలో చేరలేదు. సరిపోల్చునప్పుడు వానిని మఱువరాదు.

కౌలును అన్నివేళల తప్పుపట్టరాదు. ఐదేండ్లు బురదలో తిరిగిన యంత్రము 2,50,000కు బదులు 1,50,000కే అమ్ముడైనచో కొన్నవాని ఖర్చు 5,09,500 అగును. మరమ్మతులకు ఏటికి 20,000 చొప్పున చేర్చగా 6,09,500. కౌలుపత్రములో మరమ్మతు యజమానిదే యైనచో అప్పుడు కౌలే చౌక.

రాయితీ సొమ్ము

మన రాష్ట్రమున 2022 జూన్ 7వ తేదీన గుంటూరులో వైఎస్సార్ యంత్రసేవా కేంద్రముల పథకము క్రింద రైతు బృందములకు యంత్రములు పంచిరి. ధరలో నూటికి 10 వంతులు బృందము పెట్టుకొనగా, 50 వంతులు సహకార బ్యాంకుల అప్పు, 40 వంతులు ప్రభుత్వ రాయితీ. 10,00,000 రూపాయల యంత్రమునకు 4,00,000 రాయితీ వచ్చెనన్నమాట. ఈ సొమ్మును ఆ యేటి లాభముగా వ్రాసి పంచుకొనరాదు. ధరనుండి తగ్గించి యంత్రమును 6,00,000కు చూపవలెను. లేదా యంత్రపు ఆయుర్దాయమంతటికిని కొంచెము కొంచెముగా జమకట్టవలెను.

ఇందొక జాగ్రత్త. తరుగుదల 6,00,000 మీదనే వ్రాయుదుము. కాని యంత్రము అరిగిన నాడు క్రొత్తది పూర్తి ధరకు కొనవలసి రావచ్చును. కావున బాడుగ రాబడినుండి ఏటేట కొంత మార్పిడి నిధికి వేఱుగా తీసి యుంచుట వివేకము.

తుపాను వచ్చినచో నష్ట మెవరిది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరమునకు చేసిన నష్టమును ఉద్దాన ప్రాంతపు జీడి, కొబ్బరి రైతులు మఱువజాలరు. అట్టి వేళ యంత్రము చెడినచో, అప్పుచేసి కొన్నవాడు యంత్రమును పోగొట్టుకొని అప్పును మిగుల్చుకొనును; బీమా లేనిచో గతి లేదు. కౌలు వస్తువు విషయమున 1872 నాటి కాంట్రాక్టు చట్టము ఒక సాధారణ న్యాయమును చెప్పుచున్నది. సామాన్య వివేకముగలవాడు తన సొంత వస్తువును కాపాడుకొనునంత శ్రద్ధతో కాపాడినవాడు నష్టమునకు బాధ్యుడు కాడు. ఐతే ప్రత్యేకమైన షరతు వ్రాసికొన్నచో ఆ షరతే చెల్లును. ఆ షరతు సాధారణముగా పత్రపు చివరి పుటలలో సన్నని అక్షరములలో నుండును.

చేవ్రాలునకు ముందు

కావున సభ్యులు తమ కార్యదర్శిని సర్వసభ్య సమావేశమున ఈ క్రింది ప్రశ్న లడుగవలెనని కోరుచున్నాము.

1. ఈ కౌలును గడువునకు ముందే మానవచ్చునా? మానినచో ఏమి చెల్లింపవలెను?
2. గడువు చివర యంత్రము మన దగునా? స్వల్ప ధరకు కొను హక్కు కలదా? కలదేని అది కౌలు గాదు, కొనుగోలే.
3. మరమ్మతు, బీమా, తుపాను నష్టము ఎవరివి?
4. రాబోవు బాడుగల నేటి విలువ ఎంత? దానిని బ్యాంకు బాకీతో కూడినచో మన మూలధనమునకు ఎన్ని రెట్లు?
5. చెల్లింపు తేదీలు ధాన్యము అమ్ముడగు కాలమునకు సరిపోవునా? సంక్రాంతికి రొక్కము చూచు రైతు నెలనెలా వాయిదా కట్టుట కష్టము.
6. నిరుడు మనకు నిజముగా ఎన్ని గంటల పని దొరకినది?

ఆఱవ ప్రశ్నకు ప్రత్యుత్తరము కార్యదర్శి పద్దులలో కానరాదు. యంత్రము నడపువాని చిట్టాలో దొరకును. అట్టి చిట్టా లేని బృందము ఈ ఖరీఫునందే దాని నారంభింపవలెను. తేదీ, పొలము, గంటలు, చమురు అను నాలుగు గడులు గీసిన పుస్తకము చాలును. ఒక్క పంటకాలపు చిట్టా చేతిలో నున్నచో కౌలు మేలో, కొనుగోలు మేలో, గంటల బాడుగ మేలో బృందపువారే కూర్చుండి తేల్చుకొనగలరు.