గరిటె వెనకాల కొండ

ఉదయగిరి అనగానే దుర్గం గుర్తుకొస్తుంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ప్రతాపరుద్ర గజపతి నుంచి ఆ కోట గెలుచుకుని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రాతిలో ఉన్న వారసత్వం అలా ఊళ్లు మారుతుంది. ఉదయగిరి, దుత్తలూరు, ఆత్మకూరు మెట్టను విడిచి ఎక్కడికీ పోలేనిది మరొకటుంది. అది ఆ కొండల చెట్టునూ పొదనూ ఎరిగి వాడుకునే నేర్పు. మనం కాపాడుకోవలసింది ముందుగా దాన్నే అని నా వాదన.

ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు ఏ చెక్కతో పడితే దానితో చెయ్యరు. నర్ది, బిక్కి, కల్ది, పాలబరికె అని ఎంచుకుంటారు. ఏ చెక్క సన్నని నగిషీకి లొంగుతుందో చేతికి తెలియాలి, అది పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఆ చిట్టడవి అంచుల్లోనే నెల్లూరు గొర్రె మేస్తుంది. మన దేశపు గొర్రెల్లో అన్నిటికన్నా పొడవైన జాతి ఇది. ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. తెల్లటి పల్ల, మూతి చుట్టూ కళ్ల చుట్టూ నల్లమచ్చలున్న జోడిపి, గోధుమరంగు దొర అని రకాలు. వాన నమ్మకంలేని చోట రైతు చేలో రాత్రి మంద కట్టిస్తే అదే ఎరువు. గరిటె, గొర్రె, చేను మూడూ ఒకే కొండను నమ్ముకున్నాయి.

ఉదయగిరి చెక్క పనికి భౌగోళిక గుర్తింపు ఉంది కదా, ఇంకేం కావాలంటారు కొందరు. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, చెట్టును కాదు. మధ్యధరా సముద్రంలోని సార్డీనియా దీవిని చూడండి. పెకొరీనో రొమానో చీజ్‌లో చాలాభాగం అక్కడే తయారవుతుంది. ఐరోపా 1996లో ఆ పేరుకు రక్షణ ఇచ్చినప్పుడు, పాలిచ్చే గొర్రెలు ఏ ప్రాంతంలో పెరగాలో కూడా కట్టడి చేసింది. అక్కడ పేరు నేలతో ముడిపడి ఉంది. మన దగ్గర ఆ ముడి లేదు.

కొమ్మ నరికితే, మంద తోలితే అడవి పాడవుతుందన్న అభ్యంతరం గట్టిదే, కొట్టిపారేయను. అడ్డూ అదుపూ లేని మేత మొలకను బతకనివ్వదు. అయితే గరిటెకు పెద్ద దుంగ అక్కర్లేదు, చేతి లావు కొమ్మ చాలు. ఏ ఏడు ఏ గుట్ట మీద మేపాలో, ఏది వదిలేయాలో కాపరులతో కూర్చుని నిర్ణయించవచ్చు. స్టీలు చవకగా దొరుకుతుంటే చెక్క ఎవరికి కావాలన్న ప్రశ్నకు, కొనేవాళ్లకు అది కనబడే చోట పెట్టామా అన్నదే నా జవాబు.

అటవీ శాఖ ఆ నాలుగు జాతుల మొక్కలనూ దుర్గం కింద నాటించాలి, ఎదిగాక చెక్కను పనివాళ్లకు నిర్ణయించిన ధరకు ఇవ్వాలి. దుత్తలూరు మండలం నర్రవాడలో ఏటా జరిగే వెంగమాంబ ఉత్సవాల్లో వాళ్ల కోసం ఒక వరస అంగళ్లు కేటాయించాలి. ఈ రెండు పనులకూ కొత్త చట్టం అక్కర్లేదు.