తెరచాప పడవ మెరుపు పోయిందా? ముందే వ్యాక్స్ పూయొద్దు.. వరుస ఇదీ!

హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్, పెద్దలు నడిపే లేజర్ తెరచాప పడవలు ఫైబర్‌గ్లాస్‌వే. పైన మెరిసే పూతను జెల్‌కోట్ అంటారు. ఎండకు అది పాలిపోతుంది. చెయ్యి పెడితే సుద్దపొడిలా అంటుకుంటుంది. ఆ పొడి మీదే వ్యాక్స్ పూస్తే మెరుపు నిలవదు.

మరేం చేయాలి?

ముందు మంచినీళ్లు, తేలికపాటి సబ్బుతో కడగాలి. ఆరాక నీడలో పెట్టి రబ్బింగ్ కాంపౌండ్‌తో మెల్లగా రుద్దాలి. తర్వాత పాలిష్, చివర్లో వ్యాక్స్. స్టీల్ పీచు వద్దు.. యాసిడ్ అసలే వద్దు.

జెల్‌కోట్ మందం అర మిల్లీమీటర్‌కు అటూఇటూ మాత్రమే. మెరుపు కోసం అతిగా అరగదీస్తే లోపలి ఫైబర్ బయటపడి నీళ్లు పీల్చుకుంటుంది. అప్పుడిక రిపేరే దిక్కు. వాడని రోజుల్లో కవర్ కప్పితే చాలా చాకిరీ తప్పుతుంది.