కాంటెస్సా కొనాలనుందా? ముందు కాగితం, తర్వాత తుప్పు, చివర్లోనే ఇంజిన్!

రీల్స్ తిప్పుతుంటే మధ్యలో ఓ నల్ల కాంటెస్సా తగులుతుంది. పొడవాటి బానెట్, మెరిసే గ్రిల్, వెనకాల ఎనభైల నాటి పాట. వేలు అక్కడే ఆగిపోతుంది. ‘ఎప్పటికైనా ఇలాంటిదొకటి కొనాల్రా’ అంటూ ఫ్రెండ్‌కి పంపిస్తాం. ఉద్యోగం వచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడటం మొదలయ్యాక ఆ ‘ఎప్పటికైనా’ కాస్తా ‘ఈ దసరాకి’ అయిపోతుంది.

బెజవాడ కుర్రకారుకి ఈ కల మరీ అందనిదేం కాదు. ఆసియాలోనే పెద్ద ఆటోమొబైల్ కేంద్రాల్లో ఒకటిగా పేరున్న జవహర్ ఆటోనగర్ మన ఊళ్లోనే ఉంది. లారీ బాడీ కట్టేవాళ్ల నుంచి లేత్ మీద చిన్న బుష్ తిప్పి ఇచ్చేవాళ్ల దాకా అంతా అక్కడే. చిక్కు కూడా అక్కడే వస్తుంది. ‘ఆటోనగర్ ఉందిగా, ఏదైనా బాగు చేయించేద్దాం’ అనుకుని తొందరపడతాం. ఇంజిన్ నిజంగానే బాగవుతుంది. కానీ లేని ఆర్‌సీని, పుచ్చిపోయిన ఛాసిస్‌ని ఏ మెకానిక్ బాగు చేస్తాడు?

అందుకే పాత కారు చూసేటప్పుడు వరుస ఇదీ: ముందు కాగితాలు, తర్వాత బాడీ, చివర్లో ఇంజిన్. మనలో చాలామంది దీనికి సరిగ్గా రివర్స్‌లో వెళ్తాం. ఇంజిన్ సౌండ్ విని పడిపోతాం, పెయింట్ చూసి మురిసిపోతాం, అడ్వాన్స్ ఇచ్చాక ఆర్‌సీ అడుగుతాం.

మనకి అందే ‘స్పోర్ట్స్’ ఏవి?

ఎంజీ, జాగ్వార్ లాంటి విదేశీ టూ సీటర్లు మన దేశంలో ఎక్కువగా కలెక్టర్ల షెడ్లలోనే ఉంటాయి. ఫస్ట్ జీతంతో వాటి జోలికి వెళ్లలేం. మన రోడ్ల మీద తిరిగిన కార్లలోనే ఆ కిక్ వెతుక్కోవాలి.

కాంటెస్సా: 1984లో హిందుస్థాన్ మోటార్స్ తెచ్చింది. మూలం బ్రిటన్ కారు వాక్స్‌హాల్ విక్టర్. మొదట్లో అంబాసిడర్ 1.5 లీటర్ల ఇంజినే పెట్టారు. చూపులో పులి, పరుగులో అంబాసిడర్ అన్నమాట. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్లు వచ్చాక కారు రాత మారింది. వెతికితే ఆ 1.8నే వెతకండి.

ప్రీమియర్ 118 ఎన్‌ఈ: పద్మినికి తమ్ముడు. ఫియట్ 124 బాడీలో నిస్సాన్ 1.2 లీటర్ల ఇంజిన్. చూడ్డానికి డబ్బాలా ఉన్నా చలాకీ బండి.

స్టాండర్డ్ హెరాల్డ్: 1960ల్లో మద్రాసులో తయారైంది. బానెట్ మొత్తం ఫెండర్లతో సహా ముందుకి తెరుచుకుంటుంది. బ్రిటన్‌లో పేరుమోసిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుని ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి కట్టారు. అంటే స్పోర్ట్స్ కారుకి ఇది సొంత అన్న!

సాన్ స్టార్మ్: 1998లో గోవా నుంచి వచ్చిన అచ్చమైన టూ సీటర్. ఫైబర్ బాడీ, రెనో 1.2 లీటర్ల ఇంజిన్. చాలా తక్కువ తయారయ్యాయి కాబట్టి బాడీ పార్టులు, అద్దాలు దొరకడం కష్టం. మొదటి కారుగా వద్దు.

ఇవేవీ కుదరకపోతే 2000లో వచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్, ఆ వెంటనే వచ్చిన ఫియట్ పాలియో 1.6 ఉన్నాయి. ఇంకా ‘క్లాసిక్’ అని ఎవరూ పిలవకపోవచ్చు. కానీ ఫ్యూయల్ ఇంజెక్షన్, పవర్ స్టీరింగ్ ఉంటాయి, పరుగూ ఉంటుంది. కొత్తగా నేర్చుకునే చేతికి ఇవే మేలు.

మొదట కాగితం

కారు చూడ్డానికి వెళ్లకముందే నంబరు అడిగి ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఓనర్ ఎన్నో చేయి, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ ఉందా... అన్నీ తెలుస్తాయి. మరీ పాత నంబర్ల రికార్డు ఆన్‌లైన్‌లో కనిపించకపోవచ్చు. అప్పుడు ముందు ఆర్‌టీఓ ఆఫీసులో విచారించి, ఆ తర్వాతే బేరానికి కూర్చోండి. కారు దగ్గరికెళ్లాక ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం కలిసిందో లేదో చూసుకోవాలి. గీకినట్టో, వెల్డింగ్ చేసినట్టో కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు రూ.5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో దాన్ని రూ.10,000 చేశారు. దీనికి గ్రీన్ ట్యాక్స్ అదనం.

చాలామందికి తెలియని మెలిక ఇంకోటుంది. రెన్యువల్ ఆలస్యమైతే కారుకి నెలకి రూ.500 చొప్పున అదనంగా కట్టాలి. మూడేళ్లుగా షెడ్డులో మూలపడి ఉన్న కారంటే 36 నెలలు, అంటే రూ.18,000. ‘చవగ్గా ఇస్తున్నా తమ్ముడూ’ అన్నప్పుడు ఈ లెక్క కూడా బేరంలో కలపండి.

తెలంగాణ, తమిళనాడు బండైతే ఎన్‌ఓసీ లేకుండా డబ్బు ఇవ్వొద్దు. ఓనర్ చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి మారాకే కొనాలి. ‘ఫామ్ 29, 30 మీద సంతకం పెట్టిచ్చేశాం, మీరెప్పుడైనా మార్చుకోండి’ అంటే సరే అనకండి. పేరు మారేదాకా ఆ కారు మీది కాదు.

యాభై దాటితే వేరే లెక్క

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయని వాహనాల్ని ‘వింటేజ్’గా నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్రం రూల్స్ తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్ రూ.5,000. కొత్త నంబరైతే ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి.

వినడానికి బాగుంది కదా! కానీ అలా నమోదైన కారుని రోజూ ఆఫీసుకి వేసుకెళ్లకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేర్ల లాంటి పనులకే రోడ్డెక్కించాలి. హెరాల్డ్ కొని ఆదివారం ఆదివారం బందరు దాకా వెళ్లొద్దామనుకునేవాళ్లు ఈ రూల్ ముందే తెలుసుకోవాలి. కాంటెస్సా వాళ్లకి ఈ ఆలోచనే అక్కర్లేదు. తొలి కాంటెస్సాకి కూడా 50 నిండేది 2034లోనే.

తర్వాత తుప్పు, వరద నీళ్లు

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. బందరు, అవనిగడ్డ వైపు వెళ్లేకొద్దీ ఉప్పు కూడా తోడవుతుంది. పైన రంగు మెరుస్తున్నా లోపల రేకు తింటూనే ఉంటుంది. చూడాల్సిన చోట్లు: డోర్ల అడుగు అంచులు, మ్యాట్ కింద ఫ్లోర్, డిక్కీలో స్టెప్నీ గుంట, చక్రాల పైన వంపులు, బ్యాటరీ కింద ప్లేటు, ముందు అద్దం కింది అంచు.

జేబులో ఓ ఫ్రిజ్ మ్యాగ్నెట్ వేసుకెళ్లండి. పలచటి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పండి. పట్టుకోకుండా జారిపోయిన చోట రేకు లేదు, పుట్టీ ఉందని అర్థం. (సాన్ స్టార్మ్ మీద మాత్రం ఈ ట్రిక్ చేయకండి, ఫైబర్ బాడీ కదా, ఎక్కడా అంటుకోదు!) హెరాల్డ్‌కి ఛాసిస్ విడిగా ఉంటుంది కాబట్టి జాకీ ఎత్తించి కింద చూడాల్సిందే.

మన దగ్గర ఇంకో భయం వరద. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరొచ్చింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాటితో పాటు వేల బండ్లు మునిగాయి. మునిగిన కారుని కడిగి, రంగేసి అమ్మితే పైకి తెలీదు. కనిపెట్టే పద్ధతులు ఇవీ:

• సీటు బెల్టుని చివరిదాకా లాగండి. చుట్ట లోపలి భాగంలో బురద మరక మిగిలిపోతుంది.
• సీటు బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద స్క్రూలు తుప్పు పట్టాయేమో చూడండి.
• హెడ్‌లైట్ లోపల సన్నటి మట్టి గీత ఉందేమో గమనించండి.
• కార్పెట్ ఎత్తి వాసన చూడండి. కారు నిండా పెర్‌ఫ్యూమ్ కొట్టి ఉంటే అదే మొదటి అనుమానం.
• సిటీ, పాలియో లాంటివాటికి పాత పాలసీలు అడగండి. నో క్లెయిమ్ బోనస్ హఠాత్తుగా సున్నా అయిన ఏడాది ఏమైందో ఓనర్‌నే చెప్పమనండి.

చివర్లో ఇంజిన్

వెళ్లేముందు ఫోన్ చేసి ‘కారు స్టార్ట్ చేసి ఉంచొద్దండీ’ అని చెప్పండి. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్టవుతుందో మీరే చూడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే రేడియేటర్ నీళ్లు లోపలికి వెళ్తున్నాయేమో అనుమానించండి. ఓ 20 నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టెంపరేచర్ ముల్లు చూడండి. మే నెలలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మీ పరిస్థితేంటో అప్పుడే తెలిసిపోతుంది.

ఇంజిన్ పాడైందని తేలినా భయపడక్కర్లేదు. బోరింగ్, పిస్టన్ రింగులు, కార్బొరేటర్ ట్యూనింగ్ ఆటోనగర్‌కి తెలిసిన పనులే. ధర తగ్గించమని అడగడానికి అది మంచి కారణం కూడా. లేత్ మీద తిప్పలేనివే అసలు సమస్య: ముందు అద్దం, టెయిల్ ల్యాంపులు, క్రోమ్ పట్టీలు, డోర్ రబ్బర్లు. ఇవన్నీ కారుకే ఉన్నాయా, లేదా ‘తర్వాత తెప్పిస్తా’ అంటున్నారా చూసుకోండి.

కొన్నాక మొదటి పని పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రమ్ మార్పించడం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరుని అది పాడు చేస్తుంది, తేమనీ పీల్చుకుంటుంది. పైపు కారితే నిప్పు ప్రమాదం.

‘ఇంజిన్ మార్చేసి పెద్దది పెడదాం బ్రో’ అనే ఫ్రెండ్ ప్రతి గ్యాంగ్‌లోనూ ఒకడుంటాడు. అనుమతి లేకుండా బండిని మారిస్తే ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ పడొచ్చు. పైగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

నడపడం నేర్చుకోవాలి, మళ్లీ

ఈ విషయంలో ఇంట్లోవాళ్ల భయం తప్పు కాదు. మన దేశంలో ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కార్లన్నింటికీ తప్పనిసరి అయింది 2019లోనే. ఎనభైల నాటి కార్లలో ఇవేవీ లేవు. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు లాక్ అయి కారు జారుతుంది. హెరాల్డ్‌ని మలుపులో వేగంగా తిప్పి, మధ్యలో టక్కున యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం లోపలికి మడుచుకుని బండి అదుపు తప్పొచ్చు. కరకట్ట మలుపుల్లో అలాంటి ప్రయోగాలు అస్సలు వద్దు.

బెల్టులు లేకపోతే ముందు అవి పెట్టించండి. టైర్లు అరిగినా అరక్కపోయినా పక్కనున్న నాలుగంకెలు చూడండి. 2316 అంటే 2016లో 23వ వారం తయారైందని. అంత పాతవైతే మార్చాల్సిందే. మొదటి నెల తెల్లవారుజామున, ఖాళీ రోడ్ల మీద, పాత బండ్లు నడిపిన పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని నడపండి. బాబాయో, మావయ్యో ఎవరో ఒకరు కుటుంబంలో ఉండే ఉంటారు. అడిగితే ఎగిరి గంతేస్తారు!

డబ్బు లెక్క

ఇంత పాత కారుకి మామూలుగా బ్యాంకులు కారు లోన్ ఇవ్వవు. పర్సనల్ లోన్ తీసి కొనడమంటే ఎక్కువ వడ్డీకి సరదా కొనుక్కోవడమే. చేతిలో ఉన్న సొమ్ములో సగంతో కారు కొని, సగం రిపేర్లకి దాచుకోవడం సేఫ్.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ దాటి 1500 సీసీ దాకా ఏడాదికి రూ.3,416, ఆపైన రూ.7,897, జీఎస్టీ వేరు. కాంటెస్సా 1.8 రెండో లెక్కలోకొస్తుంది. వింటేజ్‌గా నమోదైన కారుకి ఇందులో సగం తగ్గింపు ఉంది. దొంగతనానికీ, డ్యామేజీకీ కూడా పాలసీ కావాలంటే కారు విలువ ఎంతన్నది మీరూ కంపెనీ మాట్లాడుకుని తేల్చుకోవాలి. అందుకే ప్రతి బిల్లూ, రిపేరుకి ముందూ తర్వాతా తీసిన ఫొటోలూ దాచండి.

నచ్చిన కారు దొరికాక కూడా ‘వేరేవాళ్లు అడ్వాన్స్ ఇస్తామంటున్నారు’ అనే మాట వినిపిస్తుంది. కంగారు పడకండి. 30 ఏళ్లు ఆగిన కారు ఇంకో వారం ఆగుతుంది. ఆ వారంలో ఆర్‌టీఓ ఆఫీసుకి ఒకసారి, కారు కిందకి ఒకసారి వెళ్లొచ్చేయండి. పాట పెట్టి రీల్ తీసుకోవడానికి తర్వాత బోలెడు ఆదివారాలు!