జాబితాలో ఒక పేరు రెండు లైన్లయితే

రంజాన్ వచ్చిందంటే జకాత్, రేషన్ కిట్ల జాబితాలు పీడీఎఫ్‌లో చేతులు మారుతుంటాయి. దాన్ని కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తే చిక్కు మొదలు. మన పేర్లు పొడుగు కదా, ‘మొహమ్మద్ అబ్దుల్’ ఒక వరుసలో, మిగతా పేరు కింది వరుసలో పడుతుంది. లెక్కలో ఒక మనిషి ఇద్దరవుతాడు. ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి పక్కన చేరుతుంది.

కారణం చిన్నదే. పీడీఎఫ్‌లో చోటు చాలక విరిగిన లైను, కాపీ చేసినప్పుడు ఎంటర్ కొట్టినట్టే వచ్చేస్తుంది.

ముందు వర్డ్‌లో పేస్ట్ చేయండి. కంట్రోల్, హెచ్ నొక్కితే ఫైండ్ అండ్ రీప్లేస్ తెరుచుకుంటుంది. షిఫ్ట్‌తో 6 నొక్కితే వచ్చే గుర్తు, దాని పక్కనే ఇంగ్లీషు చిన్న ‘పి’ కొడితే, వర్డ్‌కి అదే ఎంటర్. అన్ని ఎంటర్లూ ఒకేసారి తీసేశారో, జాబితా మొత్తం ఒకే ముద్ద! మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ లైను ఉంటే, మొదట వరుసగా ఉన్న రెండు ఎంటర్ల చోట ### పెట్టండి. తర్వాత మిగిలిన ఒంటరి ఎంటర్ల చోట ఒక స్పేస్. ఆఖరున ### చోట ఒక ఎంటర్. ఖాళీ లైన్లూ పోతాయి, పేర్లూ అతుక్కుంటాయి.

మధ్యలో ఖాళీ లైన్లే లేకపోతే ఈ పద్ధతి జోలికి పోవద్దు, చేత్తో కలుపుకోవడమే నయం.

కొన్ని ఫైళ్లు పాత నోట్‌ప్యాడ్‌లో అంతా ఒకే లైనుగా కనిపిస్తాయి. అది వేరే సంగతి. లైను చివర విండోస్ రెండు గుర్తులు పెడుతుంది, లైనక్స్ ఒక్కటే. వర్డ్‌లో తెరిస్తే సరిపోతుంది.

పంచే ముందు ఎక్సెల్ వరుసల సంఖ్య, పీడీఎఫ్‌లోని చివరి సీరియల్ నంబరు ఒకటేనా అని చూసుకోండి.