కూనకు ఒక మూల, ఒక వేళ, ఒక మాట

బడికి సెలవులిస్తే చాలు, పెంపుడు జంతువు కావాలని ఇంట్లో పిల్లలు పట్టుబడతారు. ఫోనులో చూసి హామ్‌స్టర్ అడిగేవారు కొందరు, చిలుక అడిగేవారు కొందరు. రాజపాళయంలో మాత్రం ఊరి పేరే పెట్టుకున్న తెల్ల కుక్క మీదే అందరికీ మనసు. కూనను తేవడం ఒక పూట పని. అది కొత్త ఇంట్లో కుదురుకునేలా చూడటం, పడుకునే చోటును ఏ రోజుకారోజు శుభ్రం చేయడం ఏళ్ల తరబడి చేయాల్సిన పని. తెచ్చిన సంబరంలో ఈ సంగతి మరుగున పడితే మొదట కష్టపడేది నోరులేని కూన. ఆ తరువాత, అదే నేల మీద చెప్పులు లేకుండా ఆడుకునే మన పిల్లలు.

మన ఊరి తెల్ల కుక్క

విజయనగర పాలన కాలంలో తెలుగు నేల నుంచి దక్షిణానికి వచ్చిన రాజుల కుటుంబాలు ఇక్కడ, పడమటి కనుమల దాపున స్థిరపడ్డాయి. వేటలోనూ తోటల కాపలాలోనూ ఈ కుక్క వారి వెంట ఉండేదని పెద్దలు చెబుతారు. పాలవంటి తెలుపు, గులాబి రంగు ముక్కు, బంగారు ఛాయ కళ్లు, సన్నని నడుము దీని గుర్తులు. ఎదిగితే భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 2005 జనవరి 9న తపాలా శాఖ నాలుగు భారతీయ జాతుల కుక్కల బొమ్మలతో బిళ్లలు విడుదల చేసింది. ముధోల్, రాంపూర్, హిమాలయ గొర్రెకాపరి కుక్కల సరసన మన రాజపాళయానికీ చోటు దక్కింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ ప్రసంగంలోనూ దీని పేరు వినిపించింది.

పేరు చూసి తెచ్చుకునేవారు దీని గుణం కూడా తెలుసుకోవాలి. ఇది పరుగుకు పుట్టిన కుక్క. ఇంటివారిని ప్రాణంగా చూసుకుంటుంది, కొత్తవారిని నమ్మదు. రెండు గదుల ఇంట్లో రోజంతా గొలుసుకు కట్టి ఉంచితే దానికి కోపం పెరుగుతుంది. ఉదయం సాయంత్రం పరుగెత్తించే మనిషీ, చుట్టూ గోడ ఉన్న కొంత ఖాళీ స్థలమూ లేకపోతే ఈ జాతి జోలికి పోకపోవడమే మేలు.

తెచ్చే ముందు రెండు పరీక్షలు

మొదటిది వయసు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. తల్లి పాలు, తోడబుట్టిన కూనలతో ఆట ఆ వయసులో దానికి చాలా అవసరం. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివారికి నొప్పి పుడుతుందో అది నేర్చుకునేది ఆ ఆటలోనే.

రెండోది వినికిడి. ఈ జాతిలో కొన్ని కూనలు పుట్టు చెవుడుతో ఉంటాయి. శరీరానికి రంగునిచ్చే కణాలు లోపలి చెవి పని చేయడానికి కూడా కావాలి. తెల్లని కుక్కల్లో ఆ కణాలు చెవిలో కొరవడితే పుట్టిన కొద్ది వారాలకే వినికిడి పోతుంది. కూన వేరే వైపు చూస్తున్నప్పుడు, దానికి మనం కనబడకుండా, గాలి తగలకుండా వెనుక నుంచి తాళాల గుత్తి ఆడించండి. చెవులు కదలలేదా, తల తిప్పలేదా? మరికొన్నిసార్లు చూసి పశువైద్యుడికి చూపించండి. ఒక్క చెవే వినబడని కూనలను ఇంట్లో గుర్తుపట్టడం కష్టం.

చెవిటి కూన పనికిరానిది కాదు. చేతి సైగలతో చక్కగా నేర్చుకుంటుంది. ఆ సంగతి తెలియని ఇంట్లో మాత్రం “ఎంత పిలిచినా రాదు, మొండిది” అని దెబ్బలు తిని చివరకు వీధిపాలవుతుంది. తెలిసి తెచ్చుకున్నవారు దాన్ని రోడ్డు మీద వదలకూడదు, నిద్రలో ఉన్నప్పుడు ఉలిక్కిపడేలా తాకకూడదు, దాని నుంచి కూనలు తీయకూడదు.

ఒక మూల

కొత్త ఇంట్లో కూనకు మొదట కావాల్సింది తనదంటూ ఒక మూల. ఎండ పడని, గాలి ఆడే, జనం తొక్కిసలాట లేని చోటు చూడండి. గోనెసంచి మీద పాత నూలు బట్ట పరిస్తే చాలు. దానికి రోజూ మార్చడానికి వీలుగా మూడు నాలుగు బట్టలు ఉండాలి. కూనను తెచ్చేటప్పుడు తల్లి పడుకున్న బట్ట ముక్క ఒకటి అడిగి తీసుకోండి. కళ్ల కంటే ముక్కుతోనే ఎక్కువ తెలుసుకునే ప్రాణి అది. తెలిసిన వాసన పక్కన ఉంటే సగం బెంగ తీరుతుంది.

మొదటి రెండు మూడు రోజులు చుట్టాలను, వీధి పిల్లలను గుంపుగా చూపించకండి. ఎత్తుకోవడం, చేతులు మార్చడం వద్దు. పిల్లలు నేల మీద కూర్చుంటే కూన తనంతట తానే దగ్గరికి వస్తుంది. అన్నం తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు తాకకూడదన్నది ఇంటిల్లిపాదికీ నియమం. తన మూలలోకి వెళ్లి పడుకుంటే అక్కడి నుంచి లాగకూడదు. రాత్రి ఏడిస్తే తిట్టవద్దు, వేరే గదిలో పెట్టి తలుపు వేయవద్దు. మొదటి వారం పెద్దవారు ఒకరు దగ్గరలో పడుకుంటే చాలు.

కుదురుకున్నాక మాత్రం మనుషులను మెల్లగా పరిచయం చేయాలి. సుమారు మూడున్నర నెలల వయసు లోపల చూసిన మనుషులను, విన్న చప్పుళ్లను కుక్క మామూలుగా తీసుకుంటుంది. కొత్తవారిని నమ్మని జాతి కనుక దీనికి ఆ అలవాటు మరీ ముఖ్యం. శివకాశి మన జిల్లాలోనే ఉంది, దీపావళి చప్పుడు సంగతి వేరే చెప్పక్కరలేదు. పండుగ ముందు కొత్త కూనను తేకపోవడం మంచిది. ఇంట్లో ఇప్పటికే ఉంటే ఆ రాత్రులు లోపలి గదిలో, మనిషి తోడుగా ఉంచాలి.

ఒక వేళ

మూడు నెలల వరకు రోజుకు నాలుగు సార్లు, ఆరు నెలల వరకు మూడు సార్లు, ఆ తరువాత రెండు సార్లు తిండి పెట్టాలి. అంతకు ముందు తిన్నదే మొదటి కొద్ది రోజులు పెట్టి, వారం రోజుల మీద మెల్లగా మార్చాలి. ఆవుపాలు చాలా కూనలకు విరేచనాలు తెస్తాయి. ఒక్క పెరుగన్నంతో ఈ జాతి కూన ఎదగదు. ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన కోడిమాంసం కలపాలి. ఉడికిన ఎముకలు, ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ దానికి పెట్టకూడదు. ఎముకలు బలపడతాయని కాల్షియం మందులు వైద్యుడు చెప్పకుండా వాడితే పెద్ద జాతుల్లో కాళ్లు చెడిపోతాయి.

నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆడిన తరువాత బయట ఒకే చోటికి తీసుకువెళ్లాలి. రెండు నెలల కూన రెండు గంటలకు మించి ఆపుకోలేదు. ఇంట్లో తడిపితే ముక్కు పట్టి నేలకు రుద్దడం కొందరి అలవాటు. దానివల్ల కూన నేర్చుకునేది భయం ఒక్కటే.

మన ఊళ్లో చాలా ఇళ్లలో పెద్దవారికి మిల్లు షిఫ్టులు ఉంటాయి. సెలవుల్లో పిల్లలు రోజంతా కూనతో ఉంటారు. బడి తెరిచిన రోజున ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయ్యేసరికి అది అరుపులు, కొరుకుడు మొదలుపెడుతుంది. అందుకే సెలవుల్లోనే మొదట పది నిమిషాలు, తరువాత అరగంట, ఆపైన గంట చొప్పున ఒంటరిగా ఉండటం అలవాటు చేయాలి. ఏ షిఫ్టు వారంలో ఎవరు తిండి పెడతారు, ఎవరు శుభ్రం చేస్తారు అన్నది కాగితం మీద రాసి గోడకు అంటించండి.

ఒక మాట

భాషా మైనారిటీ ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి ఇది. అవ్వ “దా” అంటుంది. నాన్న “వా” అంటాడు. ఇంగ్లీషు బడికి వెళ్లే పాప “కమ్” అంటుంది. మన పిల్లలు మూడు భాషల మధ్య తేలిగ్గా తిరుగుతారు. కూనకు మాత్రం అవి మూడు వేర్వేరు చప్పుళ్లు. ఏ మాటకు రావాలో తెలియక అది నిలబడిపోతే మనం మొండిదంటాం.

కూన వచ్చే ముందు రోజే ఇంట్లో అందరూ కూర్చుని అయిదు మాటలు ఖాయం చేసుకోండి. దా, కూర్చో, ఆగు, వద్దు, వదులు. ప్రతి మాటకూ ఒక చేతి సైగ జోడించండి. వినికిడి తక్కువున్న కూనకు ఆ సైగే ఆధారం, బాగా వినబడే కూనకూ అది మేలే. మాట వినగానే చిన్న మాంసపు ముక్క బహుమతిగా పెడితే కొద్ది రోజుల్లోనే నేర్చుకుంటుంది. తెలుగు మాటలే ఎందుకంటే, ఇంట్లో అవ్వ నుంచి చంటివాడి వరకు అందరికీ నోరు తిరిగే మాటలు అవే.

చోటు శుభ్రత

కూన మలంలో ఏలికపాముల గుడ్లు ఉంటాయి. పడిన రోజున వాటితో ప్రమాదం లేదు. నేలలో రెండు వారాలకు పైగా ఉంటే అవి మనుషులకు సోకే స్థితికి వస్తాయి. కొంకిపురుగుల పిల్లలు వారం లోపే తయారై, చెప్పులు లేని పాదాల చర్మం గుండా లోపలికి వెళతాయి. కాబట్టి మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తి పారేయడం వాసన కోసం చేసే పని మాత్రమే కాదు, రోగానికి దారి మూసే పని. ఇది పెద్దవారు చేయాలి. పిల్లలు నీళ్ల గిన్నె కడగడం, బట్ట మార్చడం చేసి సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తడిపిన చోట సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లతో తుడిచి ఆరనివ్వండి. అమోనియా ఉన్న ద్రావణాలు వాడితే ఆ ఘాటు మూత్రపు వాసనలాగే ఉండి కూన మళ్లీ అక్కడికే వస్తుంది. ఫినాయిల్ చల్లితే, అది ఆరకముందే కూన నేలను నాకే ప్రమాదముంది. పార్వో రోగంతో కుక్క చనిపోయిన ఇంట్లో ఆ క్రిమి నెలల తరబడి బతికి ఉంటుంది. అలాంటి చోట ముందు మురికి కడిగి, సీసాల్లో దొరికే బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకు 30 వంతుల నీరు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. దాన్ని ఫినాయిల్‌తో, యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. ఇంత చేసినా, టీకాలు పూర్తికాని కూనను అక్కడికి తేకూడదు.

నట్టల మందు, పార్వో మొదలైన రోగాల టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా పశువుల ఆసుపత్రిలో అడిగి తేదీలు రాసుకోండి. ఏ కుక్క కరిచినా, గీరినా గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. తిట్లు పడతాయని పిల్లలు గీత పడిన సంగతి దాచిపెడతారు. దాచవద్దని ముందే చెప్పి ఉంచండి.

హామ్‌స్టర్ అడిగే పిల్లలకు

పెంపుడు హామ్‌స్టర్లలో ఎక్కువగా కనిపించే బంగారు రంగు రకానికి సొంత ఊరు సిరియా. అది పగలు నిద్రపోయి రాత్రి తిరుగుతుంది, ఒంటరిగానే ఉండాలి. మన ఎండలకు తట్టుకోలేదు కాబట్టి చల్లని గది తప్పనిసరి. దానికీ మొదటి కొద్ది రోజులు తాకకుండా వదిలేయాలి. తడిసిన పరుపును రోజూ తీసి, గూడు మొత్తం కడిగినప్పుడు పాత పొడి పరుపు గుప్పెడు తిరిగి వేయాలి. దానికీ తన వాసనే ధైర్యం. చిలుక మాటకు వస్తే, మన దేశపు చిలుకలను పంజరంలో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఉపాధ్యాయులకు ఒక మనవి

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ రాయడం అంతగా అలవాటు లేని పిల్లలు మన తరగతుల్లో ఎందరో ఉన్నారు. వారి చేత ఒక కూన పుస్తకం పెట్టించండి. తేదీ, తిండి వేళ, ఎన్నిసార్లు బయటికి వెళ్లింది, శుభ్రం చేసింది ఎవరు, వారానికొకసారి బరువు, టీకా తేదీ. రోజుకు అయిదు వాక్యాలు చాలు. కుక్క లేని పిల్లలు వీధి కుక్కను దూరం నుంచి చూసి రాయవచ్చు. ఆ పుస్తకం పశువైద్యుడికీ పనికివస్తుంది. బరువు ఎప్పుడు ఆగిందో, తిండి ఏ రోజు మానేసిందో అందులో తెలుస్తుంది.

తల్లిదండ్రులకూ ఆ పుస్తకంతో ఒక ఉపయోగం ఉంది. శుభ్రం చేసినవారి పేరు రాసే గడి వారం రోజులు ఖాళీగా కనబడితే, ఆ పనిని ఎవరూ తమదనుకోలేదని అర్థం. ఆ రోజే పని పంచుకోండి. కూనను ఇంకా తేని ఇంట్లో ఈ పంపకం ముందే తేలకపోతే, తేలేవరకు ఆగండి.