కొండబాట కాపరులు

అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు భాగమున, జార్జియాలోని స్ప్రింగర్ కొండ మొదలుకొని మెయిన్ రాష్ట్రములోని కటాడిన్ శిఖరము వరకు, 14 రాష్ట్రముల మీదుగా, సుమారు 3,500 కిలోమీటర్ల పొడవున సాగిపోవు కాలిబాట యొకటి కలదు. అపలాచియన్ ట్రెయిల్ అను పేర ప్రసిద్ధమైన ఆ బాటను ఏటేట లక్షలాది జనులు త్రొక్కుచున్నారు. కొందరు ఒక పూట నడచి మరలుదురు. మరికొందరు అయిదారు నెలల యాత్రగా ఆసాంతము నడతురు. ఎవరు ఎంత నడచినను, తమ పాదముల క్రింది నేల కొట్టుకొనిపోక నిలిచియుండుటకు కారణమైన చేతులు వారికి సాధారణముగా కానరావు. ఆ చేతులలో అధికభాగము జీతమునకు పనిచేయునవి కావు. ఉద్యోగవిరమణ చేసిన పెద్దలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, వారమంతయు కార్యాలయములలో కూర్చుండి పనిచేయువారు, సుమారు 30 సంఘములుగా ఏర్పడి, ఒక్కొక్క సంఘము ఒక్కొక్క భాగమును తన పూచీగా స్వీకరించి, ఆ బాటను కాపాడుచున్నారు.

బాట యనునది ఒకమారు వేసిన చాలును, అటుపై దానంతట అదియే యుండునని మనకు తోచును. కొండ విషయమున ఈ తలపు నిలువదు. కొండబాటకు ప్రథమ శత్రువు నీరు. నడకచే గట్టిపడిన నేలలోనికి వాననీరు ఇంకదు. ఇంకని నీరు పల్లమును వెదకును. దానికి చేరువలో దొరకు పల్లము బాటయే. నిటారుగా ఎక్కు బాటయైనచో నీరు దాని వెంబడియే పరుగెత్తి, మెత్తని మన్నును ముందుగా కొనిపోయి, రాళ్లను, చెట్ల వేళ్లను బయటపెట్టి, కొన్ని యేండ్లలో దానిని వాగుగా మార్చివేయును. ఆ రాళ్లపై అడుగు నిలువక జనులు ప్రక్కనున్న గడ్డి మీద నడతురు. గడ్డి చచ్చి అచట మరియొక గాడి పడును. ఇట్లు రెండు మూరల దారి క్రమముగా కొండకు పెద్ద గాయమగును. కావుననే నేటి నిపుణులు కొండ వాలునకు అడ్డముగా నేలను కోసి, మెల్లమెల్లగా ఎక్కునట్లు దారి తీయుదురు. బాట ఎక్కుడు కొండ వాలులో సగమునకు మించరాదనునది వారి మూలసూత్రములలో నొకటి. మించెనేని నీరు బాటను దాటిపోవుటకు మారుగా బాటనే పట్టుకొని పోవును.

ఇంత జాగ్రత్తతో తీసిన దారియు కుదురుగా నుండదు. బాట నేల లోయవైపునకు కొంచెము వాలియున్నప్పుడే నీరు పలుచగా పరచుకొని అవతలికి జారిపోవును. కాని పాదములు నడుమ త్రొక్కి త్రొక్కి పల్లము చేయగా, మన్ను వెలుపలి అంచునకు జరిగి, అచట చిన్న కట్ట యొకటి లేచును. జానెడైనను ఎత్తులేని ఆ కట్ట చాలును, నీటిని బాటలో బంధించుటకు. దానిని చెక్కి తీసివేయుట కాపరుల నిత్యకృత్యము. అట్లే నీటిని ప్రక్కకు మళ్లించుటకై బాటకు అడ్డముగా, ఏటవాలుగా పాతిన దుంగల, రాళ్ల వెనుక ఆకులును ఒండ్రును పేరుకొనుచుండును. చేనిలో మడవ తిప్పు రైతు పారెడు మట్టిని తొలగించి నీటిని కోరిన వైపునకు నడిపించినట్లు, వీరును ఆకులు రాలిన పిదప వచ్చి, ఆ పూడిక తీసి, నీటి త్రోవను నీటికి విడిచిపెట్టుదురు. చూచుటకిది అల్పమైన పని. ఒక్క శీతకాలము దానిని మానినచో నష్టమెంతయో మంచు కరగగానే కానవచ్చును.

ఈ బాట ఇద్దరు భిన్నస్వభావుల సృష్టి. హార్వర్డులో అటవీశాస్త్రము చదివిన బెంటన్ మకై 1921 అక్టోబరులో వాస్తుశిల్పుల పత్రిక యొకదానిలో వ్యాసము వ్రాసి, పర్వతశిఖరముల వెంబడి దీర్ఘమైన దారియు, దానిని ఆనుకొని విడుదులును, సాగుభూములును, సహకార నివాసములును ఉండవలెనని ప్రతిపాదించెను. నగరజీవితముచే అలసినవారికి అది ఊరట నీయగలదని అతని ఆశ. ఆ కలలో బాట ఒక భాగము మాత్రమే. బాట పనిని నడిపించుటకై 1925లో వాషింగ్టనున నొక సంస్థ ఏర్పడినది. కాని నేల మీద గొడ్డలి పడునట్లు చేసినవాడు మైరన్ ఏవరీ యను న్యాయవాది. 1931 నుండి 1952 వరకు ఆ సంస్థకు అధ్యక్షుడై, పిడి తగిలించిన సైకిలు చక్రమును ముందు దొర్లించి దూరములు కొలుచుచు, సంఘములను కూడగట్టుచు, అతడు పనిచేసెను. షెనండోవా శిఖరములపై మోటారు రహదారి వచ్చినప్పుడు, బాటను ప్రక్కకు జరిపియైనను పూర్తిచేయవలెనని ఏవరీయు, అరణ్యమును చెరచు రహదారిని ప్రతిఘటింపవలెనని మకైయు పట్టుపట్టగా, వారి మైత్రి తెగిపోయెను. మకైని ద్రష్టయని లోకము కొనియాడుట న్యాయమే. అయినను దర్శనము కొండపై దారి తెరవజాలదు. ఇన్ని మైళ్లు ఈ సంఘమువి, అన్ని మైళ్లు ఆ సంఘమువి యని పంచిపెట్టు పద్ధతియే నేటికిని ఈ బాటను నిలుపుచున్నదని నా నమ్మకము.

ఆ పద్ధతి ఎంత అవసరమో అచిరకాలముననే తేలినది. 1937 ఆగస్టు 14న మెయిన్ కొండలలో చివరి తునక తెరవబడి బాట పూర్తియయ్యెను; మరుసటి యేట సెప్టెంబరులో వచ్చిన పెనుతుఫాను ఉత్తరభాగమున వేలకొలది చెట్లను దానిపై కూల్చెను. తరువాత ప్రపంచయుద్ధము వచ్చి పనివారిని కొనిపోయెను. యుద్ధము నుండి మరలిన ఎర్ల్ షాఫర్ 1948లో ఈ చివర నుండి ఆ చివరకు ఒక్క యాత్రగా నడచినప్పుడు పలుతావుల దారి పొదలలో మాయమైయుండెను. తెగిన బాట మరల ఏకముగుటకు 1951 వరకు పట్టినది. చేసి ముగించిన వస్తువు కాదు బాట. చేయుచుండగా మాత్రమే ఉండునట్టిది.

1968 అక్టోబరు 2న అమెరికా ప్రభుత్వము చట్టము చేసి దీనిని జాతీయ దృశ్యమార్గముగా ప్రకటించినది. ప్రభుత్వము చేపట్టిన పిమ్మట స్వచ్ఛంద సేవకులు తొలగిపోవుట లోకసహజము. ఇచట అట్లు జరుగలేదు. 1984లో జాతీయ ఉద్యానశాఖ బాట నిర్వహణ బాధ్యతలో పెద్దభాగమును ఒడంబడిక మూలమున 1925లో ఏర్పడిన ఆ సంస్థకే, తద్ద్వారా సంఘములకే అప్పగించినది. ఉచితసేవ గనుక ఖర్చులేని సేవయని భావించుట మాత్రము పొరపాటు. పనిముట్లు కావలెను, శిక్షణ కావలెను, సంఘములకు తోడుపడు జీతపు ఉద్యోగులును కావలెను. యంత్రపు రంపము పట్టువాడు ముందుగా పరీక్షలో నెగ్గి యోగ్యతాపత్రము పొందవలెను. 1964 నాటి అరణ్యచట్టము వర్తించు భాగములలో యంత్రమునకే ప్రవేశము లేదు. అచట ఇద్దరు చెరియొక వైపున పట్టి లాగు పొడవాటి రంపముతోనే దుంగలను కోయుదురు. నెట్టుట తగదు, లాగుటయే పని. ఒకరు లాగునప్పుడు రెండవవాడు చేయి వదలుచేసి రంపమును పోనీయవలెను. కూలిన చెట్టులో ఏవైపు బిగువున్నదో, ఏవైపు ఒత్తిడియున్నదో చూడక కోసిన వానికి ప్రాణాపాయము. 2024 సెప్టెంబరు చివర హెలీన్ తుఫాను దక్షిణభాగమును అతలాకుతలము చేసి, టెనెసీలోని అర్విన్ ఊరి చెంత నోలిచకీ నదిపై బాట దాటు వంతెనను కొట్టుకొనిపోయినప్పుడు, మంచి మనస్సు మాత్రమే గాక, ఈ నేర్పును ఎంతో అవసరమైనది.

బాటలో ఇంచుమించు నాలుగవ వంతు వర్జీనియాలోనే యున్నది. న్యూజెర్సీలో డెలవేర్ వాటర్ గ్యాప్ కడ నుండి అది కొండ లెక్కును. ఆ రెండు రాష్ట్రములందును తెలుగువారు విస్తారముగా నివసించుచున్నారు. వారాంతమున పిల్లలతో ఆ కొండలకు పోవు మనవారు, ఒక్క దినమైనను ఆ పనివారి నడుమ నిలుచుట నాకెంతయో ప్రియమైన కోరిక. పలు సంఘముల పనిదినములకు క్రొత్తవారికిని ఆహ్వానము కలదు. పార, గొడ్డలి వారే ఇత్తురు. తొలుత నేర్పు పాఠములు చిన్నవి: పనిముట్టును భుజముపై వేసికొనక, లోయవైపు చేతిలో క్రిందికి వ్రేలాడునట్లు పట్టుకొనవలెను, కాలు జారినచో దానిని దూరముగా విసరివేయవలెను, ప్రక్కవానికి పది అడుగులు ఎడముగా నిలిచి పనిచేయవలెను. ఆ పిమ్మట చేతికి పార నిచ్చి, మొదటి పూడికను చూపుదురు.