మీకు తెలుసా?
శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకోవడానికి 49 ఏళ్ల ముందు, 1959లో, నికాన్ ఎఫ్ కెమెరా కోసం తయారైన లెన్సును, అదే సంస్థ 2018లో తెచ్చిన జెడ్ శ్రేణి డిజిటల్ కెమెరాకు, లోపల గాజు అనేదే లేని ఉత్త లోహపు గొట్టంతో బిగించి నేటికీ స్పష్టమైన ఫోటో తీయవచ్చు.

లెన్సు బిగించే అంచుకూ ఫిల్ము లేదా సెన్సరుకూ మధ్య ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. అది పాత కెమెరాలో 46.5 మి.మీ., లోపలి అద్దాన్ని తీసేసిన కొత్త కెమెరాలో 16 మి.మీ. మాత్రమే కాబట్టి, మిగిలిన 30.5 మి.మీ.ను అడాప్టర్ అనే ఆ గొట్టం పూరిస్తుంది.

ఈ కొలత మిక్కిలి సున్నితమైనది: అడాప్టర్ వెంట్రుకవాసి మందంగా ఉన్నా దూరపు దృశ్యానికి ఫోకస్ అందదు గనుక, చాలామంది తయారీదారులు దానిని కావాలనే కొంచెం పలచగా చేస్తారు. ఫలితంగా లెన్సు రింగును అనంత దూరపు గుర్తు దాకా పూర్తిగా తిప్పితే, శంషాబాద్‌లో దిగుతున్న విమానం స్పష్టంగా కనిపించడానికి బదులు మసకబారుతుంది. ఆటోఫోకస్ లేని ఈ లెన్సులతో విమానాలను తీసేవారు గుర్తును నమ్మక, తెరపై దృశ్యాన్ని పెద్దది చేసి చూసి, రింగును కాస్త వెనక్కి తిప్పవలసి ఉంటుంది.

పాత లెన్సు తన ఫోకల్ పొడవును కెమెరాకు తెలపలేదు కనుక, సెన్సరును కదిలించి చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉన్న కెమెరాలో ఆ అంకెను మెనూలో చేత్తోనే నమోదు చేయాలి.